పైన ఉండేవాళ్ళు అడిగిన గడప

మనల్ని ఈ మట్టి ఇంట్లో కొంతకాలం ఉండనిచ్చి, రోజూ మనం అడిగే చిన్నా పెద్దా కోరికలన్నీ విసుక్కోకుండా వినే దేవునికి ముందుగా నా వందనం. ఆయన కునుకు తీయడు. ఏ తలుపు అవతల ఎవరు నిలబడి ఉన్నారో ఆయనకు తెలుసు. మనకు భయం పుట్టించే చప్పుడు ఆయనకు ఒక మనిషి అడుగుల చప్పుడే. ఆయన చెయ్యి మా ఇంటి మీద, ఇది చదువుతున్న మీ ఇంటి మీద ఉండాలి. ఆయనను తలచుకోకుండా ఈ సంగతి మొదలుపెట్టడానికి నాకు ధైర్యం చాలదు.

మా ఇల్లు ఇబ్రహీంపట్నంలో, సాగర్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే ఒక కాలనీలో, చివరి వరుసలో ఉంది. మా తర్వాత అన్నీ ఖాళీ ప్లాట్లు. హద్దులకు పాతిన రాతి కడీలు, వాటి మధ్య సర్కారు తుమ్మలు, అవతల రోడ్డు మీద పోయే లారీలు కనిపిస్తాయి. కింద మేమిద్దరం ఉంటాం. పైన పోర్షన్ కిరాయికి ఇస్తాం. మా ఆయన మా చర్చి సంఘంలో పెద్ద. నేను ఆదివారం పిల్లలకు పాఠం చెబుతాను, గురువారం స్త్రీల కూడికలో వాక్యం చదువుతాను.

ఇల్లు కట్టేటప్పుడు మా ఆయన మేస్త్రికి ఒక మాట గట్టిగా చెప్పారు, ఏ తలుపుకూ గడప వద్దని. మా దగ్గర దాన్ని కడప అంటారు.

"కడప ఉంటే కిరాయికొచ్చినోళ్ళు పసుపు రాస్తరు, బొట్లు పెడతరు, దండం పెడతరు. మన ఇంట్ల మనమే ఇంకో దేవునికి గద్దె కట్టిచ్చినట్టయితది" అన్నారు.

గడపలు దాటి దూకేవాళ్ళను పాతకాలపు ప్రవక్త ఒకరు మందలించిన సంగతి కూడా మేస్త్రికి చెప్పారు. మేస్త్రి తలూపి, మూడు పక్కల చెక్కతోనే మా దర్వాజలు, అంటే ద్వారబంధాలు, నిలబెట్టాడు. లోపలి బండలు అడ్డు లేకుండా సాగి మెట్ల దాకా వెళ్తాయి. ఊడ్చుకోవడానికి సుఖంగా ఉంటుందని నాకూ నచ్చింది.

ఇల్లు కిరాయికి ఇచ్చాక అదనపు కోరికలు తప్పవు. ఒకరు కిటికీలకు దోమల జాలీ అడిగారు. ఒకరు డాబా మీద నల్లా అడిగారు. ఇంకొకరు బాలింత వస్తుందని, తొట్టెల కట్టడానికి స్లాబుకు కొండి అడిగారు. మా ఆయన పద్ధతి ముందు కాదనడం, ఆ తర్వాత ఆలోచించడం. చాలాసార్లు తనే బజారుకు పోయి సామాను తెచ్చేవారు. కానీ అప్పటికే అడిగిన మనిషి ముఖం చిన్నబోయి ఉండేది. నేను మాత్రం అడిగిన చోటికి వెళ్ళి చూసేదాన్ని. ఎందుకు అని అడిగేదాన్ని. మన ప్రభువు ఒక గుడ్డివాడిని దగ్గరికి పిలిచి, నీకేం కావాలని అడిగాడు. ఆ మనిషికి ఏం కావాలో అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అతని నోటితోనే చెప్పనిచ్చాడు. ఆ మర్యాద నాకు ఇష్టం.

వానలు తగ్గిన రోజుల్లో ఆ దంపతులు ఇల్లు చూడడానికి వచ్చారు. అతను ఆదిబట్ల వైపు ఒక కంపెనీలో షిఫ్టులకు పోతాడు. ఆమె ఒక ప్రైవేటు బడిలో పంతులమ్మ. పిల్లలు లేరు.

"ఎంతమందుంటరు?" అని మా ఆయన అడిగారు.

"మేమిద్దరమే అన్నా" అంది పంతులమ్మ.

"ఇంతకుముందు ఏడున్నరు?"

బడంగ్‌పేట్, తర్వాత నాదర్‌గుల్, తర్వాత తుక్కుగూడ అన్నాడు అతను. ఏడాది తిరగకముందే మూడు ఇళ్ళు. ఎందుకు మారారని అడిగితే "నీళ్ళు సక్కగ రావు" అని ఆమె, "ఓనర్ బిడ్డ వాపస్ వచ్చింది" అని అతను, ఇద్దరూ ఒకేసారి అన్నారు. ఆ తర్వాత ఇద్దరూ నేల చూశారు. మనుషులు నెమ్మదస్తుల్లా ఉన్నారని నేను సరే అన్నాను. మేము చర్చికి వెళ్ళిన ఆదివారం పూట వాళ్ళు సామాను దింపుకున్నారు. తిరిగి వచ్చేసరికి పై తలుపు మూసి ఉంది.

మొదటి కోరిక అద్దం. ఒకరోజు బడి నుంచి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి పంతులమ్మ అడిగింది.

"అక్కా, పడకగదిల బీరువకున్న అద్దం తీపిస్తరా?"

"పలిగిందా?"

"లేదు. మంచిగనే ఉంది."

"మరెందుకు?"

"ఊకెనే అక్కా. వద్దు."

పైకి వచ్చి చూస్తానన్నాను. ఇల్లంతా గలీజుగా ఉంది, ఇప్పుడు వద్దంది. అంటూనే మెట్టుకు అడ్డంగా జరిగి నిలబడింది. ఆ సాయంత్రం ఆమె భర్తే మరలు విప్పి, అద్దాన్ని దుప్పట్లో చుట్టి కిందికి తెచ్చి, ముఖం గోడ వైపు పెట్టి మా సామాన్ల గదిలో నిలబెట్టి పోయాడు.

"అద్దం వద్దనే ఆడమనిషిని నేను గిప్పుడే చూస్తున్న" అని మా ఆయన నవ్వారు.

మరునాడు దుమ్ము తుడుద్దామని నేను దుప్పటి తీశాను. అద్దం మీద వేళ్ళ గుర్తులు ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు. అన్నీ ఒకే ఎత్తులో, ఒకదాని మీద ఒకటి, ఎదుటి ముఖాన్ని ఎవరో నిమిరినట్టు. ఆ ఎత్తు పంతులమ్మకు గానీ ఆమె భర్తకు గానీ చాలా కిందికి ఉంది. నేను తుడవలేదు. దుప్పటి మళ్ళీ కప్పాను.

రెండో కోరిక గడియ. పై తలుపుకు లోపలి వైపు, చెయ్యందనంత ఎత్తున ఇంకో గడియ కావాలంది.

"లోపలనా? ఎందుకమ్మా, మీ దొంగలు లోపలుంటరా?" అన్నారు మా ఆయన. "దాన్ని తీసేటానికి నిచ్చెన కూడ నన్నే కొనుమంటవా?"

ఆమె నవ్వింది. కొంచెం ఆలస్యంగా నవ్వింది. టేకు తలుపుకు కొత్తగా రంధ్రాలు పడతాయని మా ఆయన కాదన్నారు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ తర్వాత చప్పుళ్ళు మొదలయ్యాయి. అవి రాత్రి వచ్చి ఉంటే నేను కల అనుకునేదాన్ని. పట్టపగలు వచ్చేవి. అతను డ్యూటీకి, ఆమె బడికి పోయి, పై తలుపుకు తాళం వేలాడుతూ ఉండేది. ఆ తాళం నేను కింది నుంచి చూస్తూనే ఉండేదాన్ని. చాటలో బియ్యం పోసుకుని హాల్లో కూర్చుంటే, నా తల మీద స్లాబు అవతల అడుగులు కదిలేవి. మెల్లగా, ఒక కాలు ఈడుస్తూ, ఈ గోడ నుంచి ఆ గోడకు. ఒకరోజు అవి సరిగ్గా నా పైన ఆగాయి. మాట కూడా వినిపించింది.

"ఎవరు బిడ్డా నువ్వు? ఎవరింటికొచ్చినవ్?"

జవాబు విన్నట్టుగా కొంతసేపు ఆగి, ఆ గొంతు "గట్లనా" అంది.

బియ్యం పక్కన పెట్టి నేను పాట ఎత్తుకున్నాను. నాకు భయమేస్తే పాడతాను, చిన్నప్పటి నుంచీ అంతే. మొదటి చరణం అయ్యేసరికి పైన అరచేత్తో నేల మీద తాళం పడింది. తప్పకుండా, పాటకు సరిగ్గా. నేను ఆపేశాను. తాళం ఇంకొంచెం నడిచి ఆగింది. కొంతసేపటికి ఒక్కసారే తట్టింది, ఇంకా పాడు అన్నట్టు. నేను పాడలేదు. వాకిట్లోకి పోయి, మా ఆయన వచ్చేదాకా ఎండలో కూర్చున్నాను.

మా ఆయన నమ్మలేదు. మరునాడు మధ్యాహ్నం నిద్ర మానుకుని నాతోపాటు హాల్లో కూర్చున్నారు. పైన మాట వినిపించగానే, "రేడియో బందు చెయ్యకుండ పోయినట్టున్నరు" అన్నారు. అప్పుడు అడుగులు ఆయన తల మీదుగా పోయి వంటింటి వైపు మళ్ళాయి. ఆయన స్లాబు వంకే చూస్తూ, "రేడియో నడవదు గద" అన్నారు.

గురువారం కూడికలో ఈ మాట చెప్పాను. "పిల్లి అయి ఉంటది" అని ఒకామె తేల్చేసింది. "పిల్లి పాటకు తాళం కొడతదా వదినా?" అని ఇంకొకామె. "వాళ్ళింటి పిల్లి బాప్తిస్మం తీసుకుందేమో, జర కనుక్కోండ్రి" అని మూడో ఆమె. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ తర్వాతి వారం కూడిక మా ఇంట్లో జరగాల్సింది. ఒక్కొక్కరికీ ఒక్కో పని పడింది. ఎవరూ రాలేదు.

అప్పుడు మా ఆయన నిర్ణయించుకున్నారు.

"వాళ్ళు మంచోళ్ళే కావచ్చు. కని ఆ తాళం లోపట ఏమున్నదో నాకు తెల్వది. ఇంకొక్క వింత కోరిక కోరనియ్యి, ఖాళీ చెయ్యమంట."

ఏడాదిలో మూడు ఇళ్ళు మారిన మనుషులు వాళ్ళు. నాలుగో ఇంటి నుంచి కూడా పొమ్మంటే ఎక్కడికి పోతారని నాకు దిగులు పట్టుకుంది. పైన ఏముందన్న భయం ఎంత ఉందో, వీళ్ళ బతుకు మళ్ళీ రోడ్డు మీద పడుతుందన్న దిగులు కూడా అంతే ఉంది. ఇంకేమీ అడక్కుండా ఉంటే బాగుండునని ప్రార్థించాను.

వారం లోపే అడిగింది. మా ఆయన వరండాలో కూర్చుని ఉండగా నేరుగా వచ్చి నిలబడింది.

"అన్నా, మా తలుపుకు కడప పెట్టిస్తరా?"

ఆయన కళ్ళద్దాలు తీసి ఆమెను చూశారు. "కడపనా?"

"పెద్దది కాదన్నా. ఇంత కట్టె. మేమే తెచ్చుకుంటం. పోయేటప్పుడు తీసుకపోతం."

"ఇయ్యాల కడప అంటవ్, రేపు గుడి కట్టుమంటవ్. నీకు ముందే చెప్పిన గద, ఈ ఇంట్ల కడపలు లేవని."

"పసుపు రాయం అన్నా. బొట్టు పెట్టం, మొక్కం. ఒట్టి కట్టె ఉంటే సాలు."

"నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యిండ్రి" అన్నారు ఆయన.

ఆమె ఏడవలేదు. పెదవి బిగించి పైకి, తన తలుపు వైపు చూసింది. నాకు మాత్రం ఒక మాట దగ్గర మనసు ఆగిపోయింది. పసుపు రాయరట, మొక్కరట. మరి గడపతో ఏం పని? మెట్ల దాకా వెంట పోయి అదే అడిగాను.

"అడగకక్కా" అంది. అంతే.

లోపలికి వచ్చి మా ఆయనతో అన్నాను: "పైకి పోయి చూడకుండ మనం కాదన్నం. నేను చూసొచ్చినంక నువ్వు ఏమన్న చెప్పు."

"చూసుడెందుకు?"

"దోస్తు ఇంటి ముందర నిలబడి రొట్టె అడిగిన మనిషి కథ పోయిన నెల నువ్వే చెప్పినవ్ సంఘంల. తలుపు తియ్యకుండ, సతాయించకు పో అన్నోని లెక్క ఉన్నం మనం."

ఆయనకు కోపం వచ్చింది. కానీ ఆదివారం ఆరాధన అయ్యేదాకా ఆగుతానన్నారు, అప్పుడు నన్ను పైకి పోయి చూసి రమ్మన్నారు.

శనివారం సాయంత్రం ఆయన చర్చిలో కుర్చీలు సర్దడానికి పోయారు. నేను వాకిట్లో దండెం మీది బట్టలు తీస్తున్నాను. పొద్దు గూకుతోంది. పంతులమ్మ బయటి నుంచి వచ్చి పైకి పోయింది. కాసేపటికి బాత్రూంలో నీళ్ళ చప్పుడు వినిపించింది. బట్టలు భుజాన వేసుకుని వెనక్కి తిరిగాను. మెట్ల మీది నుంచి ఒక ముసలామె దిగుతోంది.

ఒక్కో మెట్టు మీద కూర్చుని, అరచేత్తో మెట్టు అంచు తడిమి, కిందికి జారుతోంది. మెట్టు మెట్టుకూ ఆ అంచు దగ్గర ఏదో వెతుకుతున్నట్టు తడుముతోంది. తెల్లని జుట్టు విరబోసుకుని ఉంది. ఆ మనిషిని నేను ఎన్నడూ చూడలేదు. ఆ ఇంట్లోకి అలాంటి మనిషి పోగా చూసినవాళ్ళు కూడా లేరు. ఇన్నేళ్ళుగా వాక్యం చదువుతున్నదాన్ని, అయినా నేను ముందు చూసింది ఆమె పాదాలను. పగిలిన మడమలతో, ముందుకే ఉన్నాయి.

ఆమె నా ముందుకు వచ్చి, పుట్టినప్పటి నుంచి ఎరిగినట్టు పలకరించింది.

"వదినా, పొద్దు గూకుతున్నది. పోతున్న."

"ఏడికి?"

"ఇంటికి. బర్రెలు వచ్చే యాళ్ళయింది. పొయ్యి ముట్టియ్యాలె."

నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఆమె నా చేతిని చూసి, తర్వాత నా ముఖం చూసింది. అప్పటికి ఆమె కళ్ళలో నేను వదినను కాను. "నువ్వెవరు?" అని చెయ్యి విదిలించుకుంది. అంత బలం ఆ ఒంట్లో ఎక్కడుందో. గేటు తీసుకుని బయటికి నడిచింది. పైకి చూసి పంతులమ్మను కేకేశాను. నీళ్ళ చప్పుడులో వినపడలేదు. బట్టలు గేటు మీద పడేసి వెంట పోయాను.

ఆమె కాలనీ రోడ్డు పట్టలేదు. ఖాళీ ప్లాట్లలో అడ్డంగా, సాగర్ రోడ్డు వైపు నేరుగా నడిచింది. ఇంట్లో కాలు ఈడ్చిన మనిషి ఆరుబయట వడివడిగా పోతోంది. ముందు లారీల లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. ఆ రోడ్డు మీద ఆ వేళకు ఎవరూ బండి ఆపరు. తుమ్మముల్లు గుచ్చుకుని నేను వెనకపడ్డాను. "అవ్వా, ఆగు" అని అరిచాను. ఆమె వెనక్కి తిరగలేదు. తన పక్కకు తల తిప్పి, పక్కన ఎవరో నడుస్తున్నట్టు అంది:

"జర మెల్లగ నడువు. వదిన ఎనుకబడ్డది."

ఆమె పక్కన ఎవరూ లేరు. నేను యేసు నామం అనుకుంటూ పరుగెత్తాను.

చివరి ప్లాటు దగ్గర ఆమె ఆగింది. ఆ పొద్దునే ఎవరో అక్కడ ఇల్లు మొదలుపెట్టి దర్వాజ నిలబెట్టుకున్నారు. మా దగ్గర గోడ లేవకముందే దర్వాజకు పూజ చేసి నిలబెడతారు. చుట్టూ గోడలు లేవు. ఒక్క దర్వాజ, రెండు కట్టెల ఊతంతో, ఆకాశం కింద నిలబడి ఉంది. పైన మామిడాకులు, కింద పసుపు రాసి బొట్లు పెట్టిన గడప ఉన్నాయి. అటూ ఇటూ ఖాళీ నేలే. పక్క నుంచి పోదలచుకున్నవాళ్ళకు అడ్డమేమీ లేదు.

ఆమె పోలేదు. కాలి వేళ్ళు గడపకు కొంచెం దూరంలో పెట్టి నిలబడింది. వంగి గడపను తాకి, ఆ వేళ్ళు నుదుటికి ఆనించుకుంది. లేచి, దర్వాజలో నుంచి అవతలికి చూసింది.

"దీపాలు పెట్టే యాళ్ళ" అంది. "గిప్పుడు కడప దాటద్దు. నువ్వు పో. నేను పొద్దుగాల వస్త."

ఎవరో దాటి పోతుంటే చూసినట్టు ఆమె చూపు మెల్లగా దూరమైంది. మామిడాకులు కదిలాయి. అప్పుడు గాలి ఉందో లేదో నాకు గుర్తు లేదు. ఆమె గడపకు ఇవతల కాళ్ళు ముడుచుకుని, ఇంట్లో కూర్చున్నట్టే కూర్చుంది.

నేనూ పల్లెలో పుట్టినదాన్నే. దీపాలు పెట్టే వేళ ఇంటి ఆడవాళ్ళు గడప దాటి బయటికి పోరని మా పక్కింటి వాళ్ళను చూసి నాకు తెలుసు. ఈమె ఎనభై ఏళ్ళ దాకా ఉంటుంది. అన్నీ మరిచినా కాళ్ళు అది మరవలేదు. మా ఇంట్లో ఆమె బండల మీద నడుస్తూ నడుస్తూ మెట్ల దాకా వస్తుంది. ఇల్లు ఎక్కడ అయిపోయిందో ఆమెకు చెప్పేది మా ఇంట్లో ఏదీ లేదు. ఆమె పక్కన కూర్చున్నాను.

పంతులమ్మ తడి జుట్టుతో, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చింది. "అత్తా" అని ముసలామెను గట్టిగా పట్టుకుంది. ఊపిరి తిరిగాక నాతో అన్న మొదటి మాట:

"అక్కా, మమ్ముల పంపియ్యకుండ్రి."

అక్కడే చెప్పింది. ముసలామె ఆమె అత్త. మతి పోయి కొన్నేళ్ళయింది. సోయి లేని ముసలిది ఇంట్లో పోతే మళ్ళీ ఎవరూ కిరాయికి రారని, శవం లేచిన ఇల్లంటారని బడంగ్‌పేట్‌లో పొమ్మన్నారు. నాదర్‌గుల్‌లోనూ అంతే. అందుకే తర్వాత దాచడం నేర్చుకున్నారు. తుక్కుగూడ ఇంట్లో గడప ఉండేది. ఎంత తిరిగినా సాయంత్రం దాని దగ్గర ఆగిపోయేది. అక్కడా ఓనరు చూశాడు.

"అద్దంల ఇంకో ముసలామె ఉందంటది అక్కా. ఆమెకు బువ్వ పెట్టుమని లొల్లి. పెట్టకపోతే తను తినదు. గంతే అద్దం ముచ్చట."

"చెప్తే అయిపోవు గద."

"చెప్తే ఉండనిస్తుంటిరా?"

ముసలామెను లేపబోయాం. లేవలేదు. పొద్దుగాల దాకా ఇక్కడే ఉంటానంది. చీకటి పడుతోంది.

అప్పుడు రోడ్డు వైపు నుంచి ఒక టార్చి వెలుతురు వచ్చింది. మా ఆయన. చర్చి నుంచి వస్తూ, ఖాళీ ప్లాటులో ఒంటరి దర్వాజ ముందు ముగ్గురు ఆడవాళ్ళు కూర్చుని ఉండడం చూసి బండి ఆపారట. ఆయన దర్వాజకు అవతల నిలబడ్డారు. తర్వాత నాతో చెప్పారు, నా ముఖం గుర్తుపట్టేదాకా కాళ్ళు ముందుకు పడలేదని.

ముసలామె తలెత్తి ఆయనను చూసింది.

"వచ్చినవా తమ్మీ. లోపటికి రా. కడప తొక్కకు, దాటి రా."

ఆయన కుడి పక్క చూశారు, ఎడమ పక్క చూశారు. రెండు పక్కలా నేలే. ఈ మనిషే గడప దాటేవాళ్ళ గురించి ప్రవక్త మాటను మేస్త్రికి వినిపించాడు. ఆయన టార్చి నేలకు వంచి, చెప్పులు విప్పి, కాలెత్తి ఆ పసుపు గడపను తొక్కకుండా దాటి లోపలికి వచ్చారు. ముసలామె తృప్తిగా ఆయనకు చెయ్యి అందించింది. ఆ చెయ్యి పట్టుకుని ఆయన ఆమెను ఇంటికి నడిపించుకుపోయారు. దారంతా ఆమె ఆయనకు బర్రెల సంగతి చెబుతూనే ఉంది.

మరునాడు ఆరాధన నుంచి వచ్చాక పైకి పోయి పంతులమ్మ భర్తతో అన్నారు:

"కట్టె నేను తెస్త. మీరు తేవద్దు. ఇంటికి పెట్టేది ఇంటోడే పెట్టాలె."

ఆ యువకుడు తల దించుకున్నాడు. "అన్నా, అమ్మ ఇంట్లనే పోతే..."

"పోయే యాళ్ళ వస్తే ఈడికెల్లే పోతది. అది అడిగేది లేదు."

పక్కింటాయన విని గేటు దగ్గరికి వచ్చాడు. "నీ పోర్షన్ మళ్ళ ఎవరు తీసుకుంటరే?" అన్నాడు. "ఎవరు తీసుకోకపోతే నేనే పైకి పోయి ఉంట. కింద నువ్వు తీసుకో" అన్నారు మా ఆయన.

ప్రవక్త మాట ఏమైందని నేను అడిగాను. గుచ్చడానికి కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆయన గ్రంథం తెరిచి ఆ చోటు వెతికి, కింది వరుస మీద వేలు పెట్టి చూపించారు. ఆ మాట అక్కడితో ఆగలేదు. ఇంటిని అన్యాయంతో, మోసంతో నింపుకునేవాళ్ళ గురించి ఉంది. "కడప దూకుడు ఒక్కటే గుర్తున్నది నాకు" అన్నారు. గ్రంథం మూసి వడ్రంగి దగ్గరికి పోయారు.

గడప పెట్టించాం. ఎత్తు గడియ కూడా పెట్టించాం. టేకు తలుపుకు రంధ్రాలు పడ్డాయి, తలుపుకు ఏమీ కాలేదు. గడపకు పసుపు రాయాలో వద్దో వాళ్ళ ఇష్టమని మా ఆయన చెప్పారు. పంతులమ్మ కొన్నాళ్ళు రాయలేదు, తర్వాత రాసింది. ఆయన చూసి ఊరుకున్నారు. ఇప్పుడు ఎవరేం అడిగినా ఆయన వెంటనే కాదనరు. లేచి, ఏదీ చూద్దాం పద, అంటారు. ఇల్లు కిరాయికి ఇచ్చేవాళ్ళు నన్ను అడిగితే నేనూ ఇదే చెబుతాను. వింత కోరిక విన్నప్పుడు ముందు పైకి పోయి చూడండి. చెప్పడానికి భయపడే మనిషి సగమే అడుగుతుంది. మిగతా సగం తలుపు లోపల ఉంటుంది.

ఇప్పుడు మధ్యాహ్నాలు పై తలుపుకు తాళం లేదు. పగటిపూట నేను పైకి పోయి ఆమెతో ఉంటాను, పాడతాను. ఆమె నేల మీద తాళం వేస్తుంది. దీపాలు పెట్టే వేళకు వచ్చి గడపకు లోపల కూర్చుంటుంది. ఒక్కరోజు కూడా దాటలేదు. కానీ అవతలి వైపు చూస్తూ ఎవరితోనో మాట్లాడుతుంది. అక్కడ మెట్లు తప్ప ఏమీ ఉండవు. మొన్న అడిగాను.

"ఎవరవ్వా?"

"నీకు కనవడ్తలేడా? రోజు వస్తడు."

"ఏమంటడు?"

"ఏమనడు. నిలబడతడు. నేను లేవాలెనని చూస్తడు."

"మంచోడేనా?"

ఆమె మెట్ల వైపు ఇంకోసారి చూసింది. "ఏమో బిడ్డా. మొకం చూపిస్తలేడు."

ఆ మెట్ల వైపు చూడలేక చూశాను. వెలుతురు పోయిన మెట్లే కనిపించాయి. మా ఆయనను అడిగితే, తెలియదన్నారు. నాకూ తెలియదు. ఈ మధ్య ఆమె అన్నం తగ్గించింది. గడప దాకా మేము పట్టుకుని తేవాల్సి వస్తోంది. వచ్చినా ఎక్కువసేపు కూర్చోలేకపోతోంది. అయినా ఆ వేళకు తెమ్మని అడుగుతుంది.

ఇది చదువుతున్న మీరు ఆమెను చూడలేదు. పేరు కూడా నేను చెప్పలేదు, తన పేరు ఇప్పుడు ఆమెకే గుర్తు లేదు. మీ ఇంట్లో లైటు వేసే వేళ ఒక్క నిమిషం చేతిలో పని ఆపి, నాతో కలిసి ప్రార్థించండి. ఆమె లేచి అవతలికి పోయే గడియ వచ్చినప్పుడు అక్కడ నిలబడ్డవాడు తన ముఖం చూపించాలని, ఆ ముఖం చూసి ఆమె భయపడకూడదని అడగండి. నేను ఆ వేళ ఆమె పక్కనే కూర్చుని అదే అడుగుతూ ఉంటాను.